ప్రయాణ క్రెడిట్ కార్డుల స్వాగత బోనస్: అర్హత నియమాలు

కొత్త క్రెడిట్ కార్డు తీసుకుని, బ్యాంకు చెప్పిన గడువులోగా చెప్పినంత ఖర్చు పెట్టినవారికి ఒకేసారి జమయ్యే పాయింట్లను లేదా విమాన మైళ్లను స్వాగత బోనస్ అంటారు. ప్రయాణ కార్డులకు ఇదే పెద్ద ఆకర్షణ. ఏడాది పొడవునా కిరాణాకీ పెట్రోలుకీ కరెంటు బిల్లుకీ కార్డు గీకితే వచ్చే పాయింట్ల కన్నా మొదటి మూడు నెలల్లో వచ్చే బోనస్ చాలాసార్లు ఎక్కువ ఉంటుంది. అందుకే ఎవరికివ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఒకసారి అందుకున్నవారికి మళ్లీ ఎప్పుడివ్వాలి అన్న విషయాల్లో బ్యాంకులు కట్టుదిట్టమైన నియమాలు పెట్టుకున్నాయి. ఈ నియమాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి, బాగా చిక్కుపడిన దేశం అమెరికా. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం అక్కడి సంగతే. భారతదేశంలో పద్ధతి వేరు. దాన్ని తర్వాత చూద్దాం.

కార్డు మంజూరు కావడం వేరు, బోనస్‌కు అర్హత ఉండడం వేరు. మొదటిది అప్పు ఇచ్చేవాడి నిర్ణయం: ఆదాయం, క్రెడిట్ స్కోరు, పాత బాకీలు చూస్తాడు. రెండోది వ్యాపార ప్రచారం నడిపేవాడి నిర్ణయం: ఈ మనిషి నిజంగా కొత్త ఖాతాదారుడేనా, బోనస్ పుచ్చుకుని వెళ్లిపోయే రకమా అని చూస్తాడు. 800 దాటిన స్కోరుతో కార్డు చేతికొచ్చి, ఖర్చంతా పూర్తిచేశాక కూడా పాయింట్లు పడనివారున్నారు. మొదటి ద్వారం దాటి రెండో ద్వారం దగ్గర ఆగిపోయినవారు వాళ్లు. కార్డు వచ్చింది కాబట్టి బోనస్ కూడా వచ్చినట్టేననుకోవడమే ఈ విషయంలో అన్నిటికన్నా సాధారణమైన పొరపాటు.

నియమాలు ఎందుకు పుట్టాయి

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న ‘అడ్వాంటేజ్’ పేరుతో మైళ్ల పథకం మొదలుపెట్టింది. తరచూ ఎగిరేవారిని తమ వద్దే ఉంచుకోవడం దాని ఉద్దేశం. 1987లో సిటీబ్యాంక్ ఆ మైళ్లను క్రెడిట్ కార్డుతో ముడిపెట్టింది. అప్పటినుంచి మైళ్లు సంపాదించడానికి విమానం ఎక్కాల్సిన పని లేకుండా పోయింది. విమాన సంస్థ మైళ్లను బ్యాంకుకు టోకున అమ్ముతుంది, బ్యాంకు వాటిని కార్డుదారులకు పంచుతుంది. కొన్ని విమాన సంస్థలకు టికెట్ల కన్నా ఈ మైళ్ల అమ్మకమే నికరమైన లాభం.

బ్యాంకుకు ఆ డబ్బు ఎక్కడిదంటే, కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు చెల్లించే ఇంటర్‌చేంజ్ రుసుము ఒకటి, బాకీ మోసేవారు కట్టే వడ్డీ మరొకటి, వార్షిక రుసుము ఇంకొకటి. అమెరికాలో క్రెడిట్ కార్డుల ఇంటర్‌చేంజ్‌కు చట్టపరమైన పరిమితి లేదు. 2010 నాటి డర్బిన్ సవరణ డెబిట్ కార్డులకే వర్తిస్తుంది. ఐరోపా సమాఖ్య 2015లో క్రెడిట్ కార్డు ఇంటర్‌చేంజ్‌ను 0.3 శాతానికి కట్టడి చేసింది. అమెరికాలో లక్ష పాయింట్ల బోనస్‌లు పుట్టడానికీ ఐరోపాలో పుట్టకపోవడానికీ ముఖ్య కారణం ఈ తేడాయే. బోనస్ పెద్దదైన చోటే దాన్ని పదేపదే తీసుకోవాలన్న ఉబలాటం ఉంటుంది. నియమాలు అక్కడే పుడతాయి.

2016 ఆగస్టు సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. జేపీ మోర్గన్ చేజ్ బ్యాంకు ‘శాఫైర్ రిజర్వ్’ కార్డును విడుదల చేసింది. వార్షిక రుసుము 450 డాలర్లు. మూడు నెలల్లో 4,000 డాలర్లు ఖర్చు పెడితే 1,00,000 పాయింట్లు. వాటితో బ్యాంకు ద్వారా టికెట్లు కొంటే 1,500 డాలర్ల విలువ. పైగా ఏటా 300 డాలర్ల ప్రయాణ ఖర్చు వాపసు. జనం ఎగబడ్డారు, కార్డు తయారీకి వాడే లోహపు రేకులు నిండుకున్నాయి. కొత్త ఖాతాల ఖర్చు వల్ల ఆ ఏడాది చివరి త్రైమాసికంలో 20 నుంచి 30 కోట్ల డాలర్ల మేర లాభం తగ్గుతుందని బ్యాంకు అధిపతి జేమీ డైమన్ డిసెంబరులో చెప్పారు. 2017 జనవరిలో బోనస్‌ను సగానికి, 50,000 పాయింట్లకు కోసేశారు. అంత పెద్ద బ్యాంకుకే లెక్క తప్పిందంటే, చిన్న అక్షరాల్లో ఉండే షరతులు ఆ తర్వాత ఎందుకు పొడవు పెరిగాయో ఊహించడం కష్టం కాదు.

ఏది లెక్కిస్తున్నారు, ఏ రోజు నుంచి

అర్హత నియమాలు చదివేటప్పుడు బ్యాంకు పేరు కన్నా ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. బ్యాంకు దేన్ని లెక్కిస్తోంది? ఏ రోజు నుంచి లెక్కిస్తోంది? ‘24 నెలలు’, ‘48 నెలలు’ అని చదివి తృప్తిపడితే చాలదు. ఆ నెలలు పాత కార్డు తెరిచిన రోజు నుంచా, దాన్ని మూసిన రోజు నుంచా, పాత బోనస్ జమయిన రోజు నుంచా అన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది.

ఒకాయన 2021 జనవరిలో కార్డు తెరిచాడు, ఏప్రిల్‌లో బోనస్ పడింది, 2023 జూన్‌లో కార్డు మూశాడు అనుకుందాం. తెరిచిన తేదీ నుంచి 48 నెలలైతే 2025 జనవరికల్లా మళ్లీ అర్హుడు. బోనస్ పడిన తేదీ నుంచైతే ఏప్రిల్ దాకా ఆగాలి. మూసిన తేదీ నుంచైతే 2027 జూన్. మూడో లెక్కకీ మొదటి లెక్కకీ మధ్య దాదాపు రెండున్నరేళ్లు తేడా. పాత స్టేట్‌మెంట్లు దాచుకోనివారికి బోనస్ పడిన తేదీ గుర్తుండదు. క్రెడిట్ రిపోర్టులో తెరిచిన తేదీ, మూసిన తేదీ ఉంటాయి, బోనస్ తేదీ ఉండదు. అందువల్ల బోనస్ జమయిన నెల స్టేట్‌మెంట్‌ను విడిగా భద్రపరచుకోవడం ఉపయోగకరమైన అలవాటు.

బ్యాంకులు దేన్ని లెక్కిస్తాయన్నదీ ఒక తీరుగా ఉండదు. కొన్ని అదే కార్డును మాత్రమే చూస్తాయి. కొన్ని ఆ కార్డు కుటుంబం మొత్తాన్ని ఒకటిగా చూస్తాయి. కొన్ని తమ బ్యాంకులో ఎన్ని కార్డులున్నాయో చూస్తాయి. చేజ్ ఇంకా ముందుకెళ్లి, ఊళ్లోని అన్ని బ్యాంకుల కార్డులూ లెక్కపెడుతుంది.

చేజ్: 5/24

గత 24 నెలల్లో ఏ బ్యాంకు నుంచైనా ఐదు లేదా అంతకన్నా ఎక్కువ వ్యక్తిగత కార్డులు తెరిచినవారి దరఖాస్తును చేజ్ సాధారణంగా తిరస్కరిస్తుంది. దీన్నే ‘ఫైవ్ ట్వంటీఫోర్’ అంటారు. బ్యాంకు తన ఆఫర్ షరతుల్లో దీన్ని రాయదు. తిరస్కరణ లేఖల్లో ‘ఇటీవల చాలా ఖాతాలు తెరిచారు’ అన్న కారణం 2015 ప్రాంతంలో పదేపదే కనిపించడంతో దరఖాస్తుదారులే లెక్క కట్టి పసిగట్టారు. మొదట బ్యాంకు సొంత కార్డులకే ఉన్నది, తర్వాత విమాన సంస్థలతో, హోటళ్లతో కలిసి ఇచ్చే కార్డులకూ పాకింది. రాయని నియమం కాబట్టి మినహాయింపులూ వినిపిస్తుంటాయి, వాటి మీద ఆశ పెట్టుకుని దరఖాస్తు చేయడం దండగ.

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది బిజినెస్ కార్డుల సంగతి. చేజ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, సిటీ, బ్యాంక్ ఆఫ్ అమెరికా బిజినెస్ కార్డులు వ్యక్తిగత క్రెడిట్ రిపోర్టులోకి సాధారణంగా ఎక్కవు. అందువల్ల అవి ఐదు లెక్కలోకి రావు. క్యాపిటల్ వన్ బిజినెస్ కార్డులు కొన్ని ఎక్కుతాయి, వస్తాయి. చేజ్ బిజినెస్ కార్డు కావాలంటే మాత్రం దరఖాస్తునాటికి ఐదులోపు ఉండాలి. అది వచ్చాక లెక్క పెరగదు.

రెండో మెలిక కుటుంబాలకు తగులుతుంది. మరొకరి ఖాతాలో అథరైజ్డ్ యూజర్‌గా చేరినా ఆ కార్డు మీ రిపోర్టులో కనిపిస్తుంది, కంప్యూటరు దాన్ని మీ సొంత కార్డుగానే లెక్కిస్తుంది. భర్త హెచ్1బీ ఉద్యోగ వీసా మీద, భార్య దానికి అనుబంధమైన హెచ్4 మీద ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇది తరచూ జరిగేదే. ఆమెకు క్రెడిట్ చరిత్ర ఏర్పడాలని ఆయన తన కార్డులన్నింటిలోనూ ఆమెను చేరుస్తాడు. స్కోరు పెరుగుతుంది, ఆ మేలు నిజమే. కానీ ఐదు కార్డుల్లో చేర్చాక ఆమె తన పేరు మీద చేజ్ కార్డుకు దరఖాస్తు పెడితే తిరస్కరణ వస్తుంది, ఆమె సొంతంగా తెరిచినవి సున్నా అయినా సరే. ఫోన్ చేసి, ఆ ఖాతాల బాకీకి బాధ్యత తనది కాదని చెబితే కొందరు ఉద్యోగులు మళ్లీ పరిశీలిస్తారు. చరిత్ర కోసమైతే ఒకటి రెండు పాత కార్డుల్లో చేరిస్తే చాలు.

శాఫైర్ కార్డుల బోనస్‌కు విడి నియమం ఉండేది. రిజర్వ్, దానికి తోడున్న మరో శాఫైర్ కార్డు, ఈ రెంటిలో ఏదో ఒక్కటే ఉంచుకోవాల్సి వచ్చేది. 2018 ఆగస్టు నుంచి, ఏ శాఫైర్ బోనస్ అందుకున్నా 48 నెలలు ఆగాల్సి వచ్చేది. అంతకుముందు అది 24 నెలలు. 2025 జూన్‌లో రిజర్వ్ రుసుమును 550 నుంచి 795 డాలర్లకు పెంచినప్పుడు ఈ నెలల లెక్కను పక్కనపెట్టారు. రెండు కార్డులూ ఉంచుకోవచ్చన్నారు. బదులుగా, ఆ కార్డు ఇప్పుడుగానీ గతంలోగానీ ఉన్నవారికి బోనస్ రాకపోవచ్చనీ, తెరిచిన, మూసిన కార్డుల సంఖ్య వంటివి కూడా చూస్తామనీ షరతు పెట్టారు. నా దృష్టిలో ఈ మార్పు ఖాతాదారుకు నష్టమే. 48 నెలలన్నది కఠినమైనా లెక్కకు అందేది. ‘రాకపోవచ్చు’ అన్న మాట దేనికీ అందదు.

అమెరికన్ ఎక్స్‌ప్రెస్: జీవితంలో ఒక్కసారి

‘రాకపోవచ్చు’ అన్న మాటకు గురువు అమెరికన్ ఎక్స్‌ప్రెస్. ఒక కార్డుకు బోనస్ ఒక మనిషికి ఒక్కసారే అన్న నియమాన్ని ఆ సంస్థ 2014లో వ్యక్తిగత కార్డులన్నిటికీ వర్తింపజేసింది. ఆ కార్డు ఉన్నవారికీ, ఇదివరకు ఎప్పుడైనా ఉన్నవారికీ ఆఫర్ లేదని షరతు. గమనించాల్సింది, ఇక్కడ లెక్కించేది పాత బోనస్‌ను కాదు, కార్డు ఉండడాన్ని. పదేళ్ల కిందట బోనస్ లేకుండా తీసుకుని మూసేసిన కార్డు కూడా అడ్డమే. మామూలు కార్డును పై కార్డుగా మార్పించుకుంటే, ఆ పై కార్డు ‘ఉన్నట్టే’ లెక్క. దాని బోనస్ ఎప్పటికీ రాకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకని అప్‌గ్రేడ్ చేసుకోమని సంస్థ నుంచి వచ్చే సందేశాలకు వెంటనే సరేననకుండా, కొత్త దరఖాస్తుకు ఇచ్చే బోనస్ ఎంతో పోల్చి చూసుకోవాలి.

‘జీవితకాలం’ అంటే సంస్థ రికార్డుల జీవితకాలమేననీ, ఏడేళ్లు దాటితే మరిచిపోతుందనీ ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. కొందరి విషయంలో నిజమైంది, కొందరి విషయంలో కాలేదు. కొన్ని ఆఫర్లలో ఈ జీవితకాల వాక్యమే ఉండదు. ఉత్తరంలోనో ఈమెయిల్లోనో ఎంపిక చేసిన వారికి పంపే అలాంటి ఆఫర్లలో పాత కార్డుదారుకూ బోనస్ దక్కుతుంది. షరతుల్లో ఏముందో చూడడం ఎంత ముఖ్యమో, ఏం లేదో చూడడమూ అంతే ముఖ్యం.

2023లో ఇంకో మెట్టు ఎక్కించారు. ప్లాటినమ్, గోల్డ్, గ్రీన్ కార్డులను ఒక కుటుంబం చేశారు. ప్లాటినమ్ ఉన్నవారికి, ఉండినవారికి గోల్డ్ బోనస్ రాకపోవచ్చు. ప్లాటినమ్ గానీ గోల్డ్ గానీ ఉన్నవారికి, ఉండినవారికి గ్రీన్ బోనస్ రాకపోవచ్చు. కింద నుంచి పైకి వెళ్లేవారికి అడ్డు లేదు. డెల్టా ఎయిర్‌లైన్స్ కార్డుల్లోనూ ఇదే వరస: బ్లూ, గోల్డ్, ప్లాటినమ్, రిజర్వ్. నేరుగా పై మెట్టు మీదికి దూకినవారు కింది మెట్ల బోనస్‌లన్నీ వదులుకున్నట్టే. మొదటి కార్డే ప్లాటినమ్ తీసుకుని గొప్పగా చూపించుకునేవారికి ఈ వరస ఎవరూ ముందు చెప్పరు.

దరఖాస్తు చివర్లో తెరమీద ప్రత్యక్షమయ్యే హెచ్చరికను అందరూ ‘పాపప్’ అంటారు. మీకు ఈ స్వాగత బోనస్‌కు అర్హత లేదు, అయినా ముందుకెళతారా అని అడుగుతుంది. 2018 నుంచి ఉంది. కారణం చెప్పదు. గతంలో ఆ కార్డు లేనివారికీ ఇది వస్తుంది. కార్డులు తెరిచి, బోనస్ పుచ్చుకుని, వాడకుండా మూసేసే అలవాటు ఉన్నవారికి ఎక్కువగా వస్తుందని అనుభవం. చిరాకు పుట్టించేదే అయినా, నిజానికి ఇది మర్యాదైన పద్ధతి. క్రెడిట్ రిపోర్టు తీయకముందే చెబుతుంది కాబట్టి వెనక్కి తగ్గితే నష్టమేమీ లేదు. మిగతా బ్యాంకుల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు.

2025 సెప్టెంబరులో ప్లాటినమ్ రుసుము 695 నుంచి 895 డాలర్లకు చేరింది. ఆ సమయంలో ఆఫర్‌ను ‘1,75,000 పాయింట్ల వరకు’ అని ప్రకటించారు. ‘వరకు’ అన్నదే అసలు మాట. దరఖాస్తు మంజూరయ్యాక, కార్డు ఒప్పుకునే ముందు మీకు వచ్చేది ఎంతో చూపిస్తారు. ఇలా అర్హత అన్నది ఉందా లేదా అన్న ప్రశ్న నుంచి ఎంతవరకు అన్న ప్రశ్నగా మారుతోంది.

మిగతా బ్యాంకులు

సిటీ పద్ధతి ఈ మధ్య సూటిగానే ఉంది. స్ట్రాటా ప్రీమియర్ వంటి కార్డుకు, అదే కార్డు బోనస్ గత 48 నెలల్లో అందుకుని ఉండకూడదు. లెక్క బోనస్ అందిన రోజు నుంచి. వేరే సిటీ కార్డు మీద బోనస్ తీసుకుని, దాన్ని ఈ కార్డుగా మార్పించుకున్నవారికీ అదే గడువు. దరఖాస్తుల వేగానికి రాయని హద్దు ఉంది: ఎనిమిది రోజుల్లో ఒకటి, 65 రోజుల్లో రెండు.

బ్యాంక్ ఆఫ్ అమెరికాలో రెండు నెలల్లో రెండు, 12 నెలల్లో మూడు, 24 నెలల్లో నాలుగు కార్డులకు మించి ఇవ్వరు. తమ కార్డులే లెక్క. క్యాపిటల్ వన్ వెంచర్ కార్డులకు 48 నెలల షరతు ఉంది. ఆ బ్యాంకు ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి దగ్గరా రిపోర్టు తీయిస్తుంది, కాబట్టి ఒక్క దరఖాస్తుకు మూడు చోట్ల గుర్తు పడుతుంది. అన్నీ బాగున్నవారికి తిరస్కరణ, అంతంతమాత్రపు చరిత్ర ఉన్నవారికి మంజూరు వచ్చిన సందర్భాలు ఈ బ్యాంకులో చాలా. ఎప్పుడూ బాకీ మోయనివారి మీద బ్యాంకుకు మక్కువ తక్కువేమోనని ఒక ఊహ.

హోటల్ కార్డుల్లో మారియట్‌ది విచిత్రమైన కథ. మారియట్ సంస్థ 2016లో స్టార్‌వుడ్‌ను కొన్నది. మారియట్ కార్డులు చేజ్‌వి, స్టార్‌వుడ్ కార్డులు అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌వి. విలీనం తర్వాత రెండు బ్యాంకులనూ ఉంచేశారు. దాంతో ఒక బ్యాంకు కార్డు బోనస్‌కు మరో బ్యాంకు కార్డుల చరిత్ర అడ్డొచ్చే ఏర్పాటు వచ్చింది. ఎదుటి బ్యాంకు కార్డును గత 30 రోజుల్లో ఉంచుకున్నారా, 90 రోజుల్లో కొత్తగా తీసుకున్నారా, 24 నెలల్లో దాని బోనస్ అందుకున్నారా అని మూడు గడువులు కలిపి చూస్తారు. ఏ కార్డుకు ఏది అడ్డమో పట్టిక వేసుకోకుండా తేల్చడం అసాధ్యం. క్రెడిట్ కార్డు షరతులు రాసేవారిలో న్యాయవాదులే కాక జ్యోతిష్కులు కూడా ఉన్నారేమోనని అనుమానం కలిగేది ఇలాంటి చోటే.

ఖర్చు షరతు

అర్హత ఉన్నా, ఖర్చు లక్ష్యం అందుకోకపోతే బోనస్ రాదు. గడువు సాధారణంగా ఖాతా మంజూరైన రోజు నుంచి మొదలవుతుంది. కార్డు పోస్టులో వచ్చిన రోజు నుంచి అనుకుని చివరి వారం దాకా ఆగినవారు పది రోజుల తేడాతో పోగొట్టుకుంటారు. కచ్చితమైన తేదీని చాట్‌లో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోవచ్చు.

వార్షిక రుసుము, వడ్డీ, నగదు తీసుకోవడం, వేరే కార్డు బాకీని దీని మీదికి మార్చడం లక్ష్యంలోకి రావు. వస్తువు వాపసు ఇస్తే ఆ మొత్తం తగ్గుతుంది. గిఫ్ట్ కార్డులు, మనీ ఆర్డర్లు కొని లక్ష్యం పూర్తిచేయడాన్ని అమెరికన్ ఎక్స్‌ప్రెస్ షరతుల్లోనే నిషేధించింది. పట్టుబడితే పడిన పాయింట్లు కూడా వెనక్కి లాక్కుంటుంది. కార్డు తెరిచి 12 నెలల్లోపు మూసినా, కింది రకానికి మార్చినా అదే హక్కు తనకుందని రాసుకుంది. బోనస్ పడిన మర్నాడే కార్డు మూయడం అందుకే ప్రమాదం.

బోనస్ కోసం అవసరం లేని ఖర్చు పెట్టి, బాకీ మోస్తే కథ అడ్డం తిరుగుతుంది. అమెరికాలో కార్డు వడ్డీ ఏడాదికి 20 శాతం పైన. భారతదేశంలో నెలకు మూడు శాతం దాటడం మామూలు. అప్పుచేసి పప్పుకూడు తినడం ఇదే. బీమా ప్రీమియం, కాలేజీ ఫీజు, ఇంటి పన్ను వంటి ఎలాగూ కట్టాల్సినవి వచ్చే నెలల్లో దరఖాస్తు పెట్టుకోవడం తెలివైన పని. అయితే కొన్ని చోట్ల కార్డుతో కడితే అదనపు రుసుము వసూలు చేస్తారు, దాన్ని లెక్కలో వేసుకోవాలి.

చట్టం, క్రెడిట్ చరిత్ర, కొత్తగా వెళ్లినవారు

బోనస్ ఎవరికివ్వాలో అమెరికా చట్టం చెప్పదు. కార్డు ఎవరికివ్వచ్చో కొంత చెబుతుంది. 2009 నాటి కార్డ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారికి సొంత ఆదాయమో, బాధ్యత పంచుకునే పెద్దవారో ఉండాలి. మొదట ఈ చట్టం అమలులో సొంత ఆదాయమే చూడాలన్న అర్థం రావడంతో ఉద్యోగం లేని గృహిణులు ఇబ్బందిపడ్డారు. 2013లో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ నిబంధన సవరించింది. 21 దాటినవారు తమకు న్యాయంగా అందుబాటులో ఉండే జీవిత భాగస్వామి ఆదాయాన్ని కూడా దరఖాస్తులో చూపవచ్చు. పని అనుమతి లేని హెచ్4 వీసాదారులకు ఇది ఉపయోగపడే నిబంధన. భార్యాభర్తలు విడివిడిగా దరఖాస్తు చేస్తే బోనస్‌లు కూడా విడివిడిగానే లెక్కిస్తారు.

కొత్తగా చదువుకు వెళ్లిన విద్యార్థికి ఈ నియమాలన్నీ దూరపు సంగతులు. అతని సమస్య మొదటి ద్వారం దగ్గరే. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న సిబిల్ స్కోరు అమెరికా బ్యాంకుకు కనబడదు. 2019లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నోవా క్రెడిట్ అనే సంస్థతో కలిసి, భారత్ సహా కొన్ని దేశాల క్రెడిట్ చరిత్రను చూసి కార్డిచ్చే ఏర్పాటు చేసింది. అది కాకపోతే డిపాజిట్ కట్టి తీసుకునే కార్డో, విద్యార్థుల కార్డో తీసుకుని ఏడాది పాటు సక్రమంగా కట్టడమే దారి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మొదటి రెండేళ్లలో దుకాణాల కౌంటర్ల దగ్గర 10 శాతం తగ్గింపు ఆశ చూపి అంటగట్టే కార్డులు కూడా చాలావరకు చేజ్ ఐదు లెక్కలోకి వస్తాయి. డెబ్బై డాలర్ల చొక్కా మీద ఏడు డాలర్లు మిగుల్చుకుని, తర్వాత హైదరాబాదుకు వచ్చే టికెట్‌కు సరిపోయే బోనస్‌ను రెండేళ్లు వాయిదా వేసుకున్నవారు తక్కువేం కాదు. దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా శంషాబాద్ చేరే విమానాలకు ఈ బ్యాంకుల్లో చాలావాటి పాయింట్లు ఏదో ఒక దారిలో బదిలీ అవుతాయి.

ప్రతి దరఖాస్తుకూ రిపోర్టులో ‘హార్డ్ ఎంక్వైరీ’ గుర్తు పడుతుంది. రెండేళ్లు ఉంటుంది, ఫైకో స్కోరు మాత్రం మొదటి ఏడాదివే లెక్కిస్తుంది. ఇల్లు కొనాలనుకుంటున్నవారు ఆ అప్పు చేతికొచ్చేదాకా కొత్త కార్డుల జోలికి వెళ్లకపోవడం మంచిది.

ఇతర దేశాలు

బ్రిటన్‌లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ చాలా కార్డులకు గత 24 నెలల్లో తమ వ్యక్తిగత కార్డు ఉండకూడదంటుంది. ఆస్ట్రేలియాలో అదే సంస్థ గడువు 18 నెలలు. ఈ రెండూ కార్డు ‘ఉండడాన్ని’ బట్టి నడిచేవే కాబట్టి మూసిన తేదీయే ముఖ్యం.

భారతదేశంలో

ఇక్కడ స్వాగత బోనస్ ఎక్కువగా చేరిక రుసుముకు బదులిచ్చే ప్రతిఫలం. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫీనియా కార్డుకు రుసుము 12,500 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. స్వాగత పాయింట్లూ 12,500. ప్రయాణంలో పాయింటు విలువ రూపాయి చొప్పున చూస్తే, జీఎస్టీ పోను కట్టిందే తిరిగొచ్చినట్టు. రుసుము లేకుండా ‘జీవితాంతం ఉచితం’ అంటూ అదే కార్డు పుచ్చుకున్నవారికి సాధారణంగా ఈ బోనస్ ఉండదు. ఉచితం కావాలో బోనస్ కావాలో ముందే తేల్చుకోవాలి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్లాటినమ్ ట్రావెల్ కార్డు 90 రోజుల్లో 15,000 రూపాయల ఖర్చుకు 10,000 పాయింట్లిచ్చింది. అమెరికా లక్ష్యాలతో పోలిస్తే ఇది చాలా తేలిక. భారతీయ కార్డుల అసలు ప్రయోజనం తర్వాత వచ్చే వార్షిక ఖర్చు మైలురాళ్లలో ఉంటుంది. అందుకే కార్డులు తెరిచి మూసే ఆట ఇక్కడ అంత లాభం కాదు, దానికి తగ్గట్టే ‘48 నెలల’ తరహా నియమాలూ పెద్దగా పెరగలేదు. ఒకే బ్యాంకులో ఉన్న కార్డును పై రకానికి మార్చుకున్నవారికి స్వాగత పాయింట్లు వస్తాయా రావా అన్నదే ఎక్కువగా తేల్చుకోవాల్సిన విషయం.

యాక్సిస్ బ్యాంకు అట్లాస్ కార్డు 37 రోజుల్లోపు మొదటి లావాదేవీ చేస్తే 2,500 మైళ్లిస్తుంది. 37 అన్న అంకె వింతగా కనిపిస్తుంది. రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో జారీచేసిన కార్డుల ఆదేశాల ప్రకారం, 30 రోజులదాకా యాక్టివేట్ చేయని కార్డుకు ఓటీపీతో సమ్మతి అడగాలి, సమ్మతి రాకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి. 30కి ఏడు కలిపితే వచ్చే ఆ అంకెకు మూలం ఇదే కావచ్చు. అదే ఆదేశాల్లో అడగని కార్డు పంపకూడదనీ, మూయమని కోరాక ఏడు పనిదినాలు దాటితే రోజుకు 500 రూపాయలు చెల్లించాలనీ ఉంది.

అర్హత అంతా ఉన్నా ఆఫరే కనుమరుగయ్యే సందర్భాలూ ఇక్కడ చూశాం. డేటా నిల్వ నిబంధనలు పాటించలేదని 2021 మే 1 నుంచి కొత్త ఖాతాదారులను చేర్చుకోకుండా అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌ను రిజర్వ్ బ్యాంకు ఆపింది. 2022 ఆగస్టులో ఆంక్ష ఎత్తేసింది. 2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోవడంతో, చేరినప్పుడు టికెట్ వోచరిచ్చే విస్తారా కార్డులు అంతరించాయి.

కాదన్నప్పుడు

అమెరికాలో కార్డు నిరాకరిస్తే 1974 నాటి సమాన రుణావకాశ చట్టం కింద 30 రోజుల్లో బ్యాంకు తన నిర్ణయం తెలపాలి, కారణమూ చెప్పాలి. ఆ లేఖ పట్టుకుని పునఃపరిశీలన విభాగానికి ఫోన్ చేయవచ్చు. అదే బ్యాంకులో ఉన్న పాత కార్డు పరిమితిని తగ్గించి కొత్త కార్డుకు మళ్లించమంటే ఒప్పుకునే సందర్భాలున్నాయి. బోనస్ నిరాకరణకు మాత్రం ఇలాంటి చట్టపు రక్షణ లేదు. అక్కడ పనికొచ్చేది దరఖాస్తు రోజున ఆఫర్ పేజీని, షరతులతో సహా, తీసి ఉంచుకున్న స్క్రీన్‌షాట్ ఒక్కటే. భారతదేశంలో బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు 2021లో తెచ్చిన సమీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద ఫిర్యాదు చేయవచ్చు. దానికి, ముందుగా బ్యాంకుకు రాసిన ఫిర్యాదు ప్రతి జతచేయాలి.